పార్టీలో ప్రేమికులు: సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే సంగతి మీద వచ్చాయి. కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు పక్కన పెట్టి అందరూ అడుగుతున్నది వీడియో గేమ్‌లలో మన పార్టీలో వెంట నడిచే సహచరుల గురించి, వాళ్లతో ప్రేమ గురించి. జవాబుల్లో కథల మలుపులు కొన్ని బయటపెట్టక తప్పలేదు. మీరు ఆడబోయే గేమ్ పేరు కనిపిస్తే ఆ జవాబు దాటేసి ముందుకెళ్లండి.

సార్, బాల్డర్స్ గేట్ 3 ఆడుతున్నాను. గేల్‌తో మామూలు స్నేహంగానే మాట్లాడాను. ఓ రాత్రి క్యాంపులో మ్యాజిక్ నేర్పిస్తానంటే సరే అన్నాను. ఇప్పుడు చూస్తే నేనంటే ప్రేమ అంటున్నాడు! నేను చేసిన తప్పేమిటి?
— బీటెక్ విద్యార్థి, తణుకు

మీ తప్పేం లేదు. 2023 ఆగస్టులో ఆ గేమ్ విడుదలైనప్పుడు ఇదే ఫిర్యాదు ప్రపంచమంతా వినిపించింది. సహచరులు మరీ తొందరపడుతున్నారన్నారు, అందులోనూ గేల్ పేరే ఎక్కువగా వినపడింది. అది బగ్ అని లారియన్ స్టూడియో అధిపతి స్వెన్ వింకీ స్వయంగా చెప్పారు. ప్రేమ మాట ఎత్తడానికి ఎంత ఇష్టం కూడాలో ఆ హద్దును పొరపాటున బాగా కింద పెట్టారు. తర్వాతి ప్యాచ్‌లలో సరిచేశారు.

దీని వెనక ఉన్న లెక్క తెలిస్తే ఇక కంగారుండదు. మీరు ఓ పని చేసినప్పుడు తెర మూలన "గేల్‌కు నచ్చింది" అన్నట్టు చిన్న మాట మెరుస్తుంది కదా, ప్రతిసారీ లోపల ఒక అంకె మారుతుంది. మామూలుగా ఆ సమయంలో మీ వెంట ఉన్నవాళ్ల అంకెలే మారతాయి, క్యాంపులో కూర్చున్నవాళ్లకు మీ గొప్పలు తెలియవు. అంకె ఒక స్థాయి దాటితే కొత్త సంభాషణ తెరుచుకుంటుంది. ఆ మ్యాజిక్ పాఠంలోనే మీ మనసులో ఏం మెదిలిందో ఎంచుకునే చోటు ఒకటుంది. అక్కడ ముద్దును ఊహించుకోకుండా ఉంటే చాలు. ఇప్పటికైనా కాదని మర్యాదగా చెప్పండి. అలిగి పార్టీ వదిలిపోయే రకం కాదు అతను.

ఈ ప్రేమకథలన్నీ బయోవేర్ కంపెనీ మొదలుపెట్టినవేనా? మా ఆఫీసులో దీని మీద పెద్ద వాదనే జరిగింది.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

కాదు, జపాన్ వాళ్లు ముందు. 1992లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 5లో హీరో పెళ్లి చేసుకోవాలి. చిన్ననాటి నేస్తం బియాంకానా, ధనవంతుల ఇంటి నెరానా, తేల్చాల్సింది ఆడేవాళ్లే. భార్య పార్టీలో చేరుతుంది, పిల్లలు పుడతారు, పెద్దయ్యాక వాళ్లూ కత్తి పడతారు. లోకాన్ని రక్షించే వీరుడు మనం కాదనీ, మన కొడుకనీ తేలడం ఆ కథలో నాకు ఇప్పటికీ నచ్చే మలుపు. 1996లో ఫైర్ ఎంబ్లమ్ సిరీస్‌లో వచ్చిన గేమ్‌లోనైతే మొదటి తరంలో ఎవరికెవరు జోడీ అవుతారన్న దాన్నిబట్టి రెండో తరం పిల్లల బలాలు మారేవి. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7లో మీరు చెప్పే చిన్న చిన్న జవాబులకు లోపల పాయింట్లు పడుతుంటాయి. గోల్డ్ సాసర్ వినోద నగరంలో ఒక రాత్రి షికారుకు ఎవరొస్తారో ఆ పాయింట్లు తేలుస్తాయి. ఏరిత్‌కు మొదట్లోనే ఎక్కువ పాయింట్లు ఇచ్చిపెట్టారు. గట్టిగా ప్రయత్నిస్తే గడ్డం బారెట్ కూడా వస్తాడు, అదో సరదా.

కెనడాకు చెందిన బయోవేర్ తెచ్చినది వేరు. 2000లో వచ్చిన బాల్డర్స్ గేట్ 2లో ప్రేమ ఒక్క నిర్ణయంగానో ఒక్క రాత్రిగానో రాదు, ప్రయాణం పొడవునా మాటలుగా వస్తుంది. లోపల ఒక టైమర్ నడుస్తుంటుంది. మీరు అడవిలో పోతుంటే, మురుగు కాలువల్లో రాక్షసుల్ని నరుకుతుంటే, హఠాత్తుగా సహచరి జహైరా ఆపి మాట్లాడుతుంది. ఆమె భర్త ఖాలిద్ శవాన్ని ఆట మొదట్లోనే చూసి ఉంటారు కాబట్టి ఆ మాటల్లో దుఃఖం ఎక్కువ, సరసం తక్కువ. అసలు దెబ్బ ఇంకొకటుంది. రెక్కలు తెగిన ఏరీ అనే సహచరిని మీరు పట్టించుకోకుండా, హేర్‌డాలిస్ అనే కవిని కూడా పార్టీలో పెట్టుకుంటే వాళ్లిద్దరూ ఒకరికొకరు దగ్గరైపోతారు. మనం లేకుండా మన పార్టీలోనే ఓ ప్రేమకథ నడిచిపోవడం! పాతికేళ్లు దాటినా అంత ధైర్యం చేసిన గేమ్‌లు తక్కువే.

ఆఫీసులో వాదన గెలవాలంటే ఇలా చెప్పండి: పెళ్లి జపాన్ వాళ్లది, కబుర్లు కెనడా వాళ్లవి.

డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో మోరిగన్‌కు నగలు, అద్దం ఇస్తూ పోతే మీటర్ నిండిపోయింది. నిన్నటిదాకా విసుక్కున్న మనిషి ఇవాళ ప్రేమగా మాట్లాడుతోంది. ఇది ప్రేమా, లంచమా?
— డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

ఆ మీటర్ వరకూ చూస్తే లంచమే. 2009లో వచ్చిన ఆ గేమ్‌లో ప్రతి సహచరుడికీ మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా ఒక అంకె ఉంటుంది. ఎవరికేది ఇష్టమో కనిపెట్టి ఇస్తే ఆ అంకె పైకి పోతుంది. వరసగా ఇస్తుంటే ఒక్కో బహుమతికీ పడే విలువ తగ్గుతూ వస్తుంది, అంటే రూపకర్తలకూ ఈ ఇబ్బంది తెలుసు. కిరాణా కొట్టు ఖాతాలో జమ వేసినట్టు మనసులో జమ వేయడం నాకూ నచ్చదు.

కానీ మోరిగన్‌నే ఉదాహరణగా తీసుకుని మీరు తొందరపడ్డారు. మీ ఆట ఇంకా అయిపోలేదనుకుంటాను. ప్రేమ నిజంగా బలపడ్డాక ఆమె దగ్గరవదు, దూరం జరుగుతుంది. అంతకుముందు నవ్వుతూ గుడారానికి వచ్చిన మనిషే ఇక రానంటుంది. ప్రేమ బలహీనత అని నేర్పిన తల్లి ఫ్లెమెత్ దగ్గర పెరిగిన పిల్ల అది. మీటర్ నిండాక భయపడుతుంది. అంకె చెప్పేది ఒకటి, మనిషి చేసేది ఒకటి. ఆ తేడా ఉన్నచోటల్లా పాత్రకు ప్రాణం వస్తుంది.

ఇదే గేమ్‌లో లెలియానా సంగతి చూడండి. ఆమెకు తన మత ప్రవక్త ఆండ్రాస్టే చితాభస్మం పరమ పవిత్రం. ఆమె కళ్లెదుటే మీరు దాన్ని మైల పరిచారనుకోండి. అంతకుముందు ఆమె మనసు రాటుదేలేలా మీరు మాట్లాడి ఉంటే వేరు, లేకపోతే ఎన్ని బహుమతులిచ్చినా, ఎన్ని రాత్రులు కలిసి గడిపినా కత్తి దూస్తుంది. ముసలి మంత్రగత్తె విన్ కూడా అంతే. మీటర్ ఆ క్షణంలో పనికిరాని కాగితం.

ఈ లెక్కను మార్చాలని చాలామంది చూశారు. 2011లో డ్రాగన్ ఏజ్ 2 స్నేహం, పోటీ అని ఒకే గీతకు రెండు కొసలు పెట్టింది. మీతో ఎప్పుడూ తగవుపడే మనిషితోనూ ప్రేమ నడుస్తుంది, కాకపోతే దాని రుచి వేరు. అంతకుముందే, అబ్సిడియన్ వాళ్ల నైట్స్ ఆఫ్ ద ఓల్డ్ రిపబ్లిక్ 2లో క్రెయా అనే గురువు ఉండేది. బిచ్చగాడికి డబ్బులిస్తే కోప్పడుతుంది. ఆ డబ్బు కోసం వాణ్ణి ఇంకొకడు కొట్టడం చూపిస్తుంది. పోనీ అని కసురుకుంటే దానికీ కోప్పడుతుంది. ఆమెతో ప్రేమకథ లేదు. అయినా పార్టీ గేమ్‌లలో ఇంత లోతైన సంబంధం మరొకటి చెప్పమంటే నేను తడుముకుంటాను.

నమస్తే. నా ప్రశ్న మీకు నవ్వు తెప్పించొచ్చు. డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో నేను అలిస్టర్‌ని ప్రేమించాను. చివరి యుద్ధం ముందు రాత్రి మోరిగన్ అడిగిన పనికి ఒప్పుకుని, నేనే అతన్ని ఆమె గదికి పంపాను. అతను బతికాడు. కానీ నాకు మనసు కుదుటపడటం లేదు. నేను చేసింది సరైనదేనా?
— బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

నవ్వు రాలేదండీ. ఈ గేమ్ రాసినవాళ్లు మిమ్మల్ని ఆ గది బయట నిలబెట్టడానికే యాభై అరవై గంటల కథ నడిపారు.

తెలియనివారి కోసం చెబుతాను. చెడిపోయిన ప్రాచీన దేవుడు ఆర్చ్‌డీమన్‌ని చంపేది గ్రే వార్డెన్ అనే యోధుల్లో ఒకరై ఉండాలి, చంపినవాడు దానితోపాటే చనిపోవాలి. ఆ చావును తప్పించే దారి మోరిగన్ దగ్గరుంది. ఆ రాత్రి ఒక మగ వార్డెన్ వల్ల ఆమె గర్భవతి కావాలి, ఆ ప్రాచీన దేవుడి ఆత్మ బిడ్డలోకి వెళుతుంది. హీరో ఆడమనిషైతే మిగిలేది అలిస్టరో, అతను వెళ్లిపోయి బదులుగా లోఘైన్ వార్డెన్‌గా ఉంటే లోఘైనో. అలిస్టర్‌కు మోరిగన్ అంటే మొదటి రోజు నుంచీ పడదు, దారి పొడవునా ఒకరినొకరు దెప్పుకుంటూనే ఉన్నారు. ఆ దెప్పిపొడుపులు విని మీరు నవ్వుకునే ఉంటారు. ఇప్పుడు అతన్ని ఒప్పించాల్సింది మీరే.

వేరే దారులు చూద్దాం. మీరు వద్దంటే మోరిగన్ ఆ రాత్రే వెళ్లిపోతుంది. చివరి యుద్ధంలో అలిస్టర్ మీ పక్కనుంటే, మీ మీద ప్రేమతో ఆఖరి దెబ్బ తానే వేస్తాడు. మిమ్మల్ని ముందుకు రానివ్వడు. మీరే చనిపోదామనుకుంటే అతన్ని పార్టీలోంచి తీసి నగర ద్వారం దగ్గరే వదిలిపెట్టి వెళ్లాలి. పార్టీలో ఎవరుండాలని ఎంచుకునే తెర, గంటల తరబడి ఆలోచించకుండా నొక్కిన ఆ మామూలు తెర, అక్కడ వీడ్కోలు అయిపోతుంది. యుద్ధ వ్యవస్థనూ ప్రేమకథనూ ఒకే ముడి వేసిన తీరు అది. ప్రధాన రచయిత డేవిడ్ గైడర్ జట్టు పనితనంలో నేను మొదట చెప్పేది ఇదే.

ఇంకో కష్టం మీకు తగిలిందో లేదో. అలిస్టర్‌ను రాజుని చేసి ఉంటే, మీ పాత్ర మానవ ప్రభువుల బిడ్డ కాకుండా ఎల్ఫో, డ్వార్ఫో, మంత్రగత్తెనో అయితే, అతని మనసు ముందే రాటుదేలి ఉండకపోతే, రాజ్యానికి వారసుడు కావాలంటూ అతనే తెంచుకుంటాడు. ఎంత ప్రేమించినా సరే.

ఇక సరైనదా అంటే, అతను బతకాలనుకున్నారు, అతన్ని ఒప్పించారు, అతను ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాడు. మీ మనసు కుదుటపడకపోవడానికి ఆ మూడోది కారణం. కుదుటపడాలని గేమ్ కూడా కోరుకోలేదు.

అయ్యా, మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. కంప్యూటర్ ఆటలో ఎవరో అమ్మాయికి ప్రేమ మాటలు చెబుతుంటే చూశాను. ఈ ఆటల్లో అసభ్య దృశ్యాలుంటాయని మా ఆడపడుచు అంటోంది. మాన్పించాలా?
— గృహిణి, గుంటూరు

అమ్మా, ముందు ఆట పేరు కనుక్కోండి. అన్నీ ఒకటి కావు. బాల్డర్స్ గేట్ 3 పెద్దవాళ్ల ఆట. యూరప్ రేటింగ్ సంస్థ పెగీ దానికి 18 ఏళ్ల ముద్ర వేసింది, అమెరికా వాళ్లు 17 అన్నారు. నగ్నత్వాన్ని దాచే సెట్టింగ్ ఉంది కానీ, రక్తపాతమూ మాటలూ అలాగే ఉంటాయి. ఇంటర్ కుర్రాడికి నేనైతే ఇవ్వను. పర్సోనా 5కి పెగీ ముద్ర 16. దాంట్లో దృశ్యాలు అసభ్యంగా ఉండవు. కానీ హైస్కూల్ కుర్రాడు తన క్లాస్ టీచరుతో ప్రేమలో పడే దారి ఒకటి పెట్టారు, అది నాకు ససేమిరా మింగుడుపడదు. ఫైర్ ఎంబ్లమ్: త్రీ హౌసెస్‌కు 12. అందులో ప్రేమ అంటే ఎక్కువగా టీ తాగుతూ చెప్పుకునే కబుర్లు, చివర్లో ఓ ఉంగరం.

ఆడపడుచు గారి మాట పూర్తిగా కొట్టిపారేయను, పూర్తిగా నమ్మొద్దు కూడా. 2008 జనవరిలో అమెరికాలోని ఫాక్స్ న్యూస్ చానల్ మాస్ ఎఫెక్ట్ అనే గేమ్‌లోని ఒక శృంగార దృశ్యం మీద పెద్ద రచ్చ చేసింది. చర్చలో దాన్ని తిట్టిన రచయిత్రి తాను ఆ ఆట ఆడలేదని అక్కడే ఒప్పుకున్నారు, తర్వాత తన మాట వెనక్కి తీసుకున్నారు. అన్ని గంటల కథలో ఆ దృశ్యం ఉండేది కాసేపే.

పేరు తెలిశాక ఓ సాయంత్రం పక్కన కూర్చుని "ఈ అమ్మాయి ఎవర్రా, ఏమంటోంది?" అని అడగండి. సిగ్గుపడితే అది వయసు. చెప్పడం మొదలుపెడితే కథ బాగుందని అర్థం.

బాల్డర్స్ గేట్ 3లో మనం ఆడైనా మగైనా అందరూ ప్రేమిస్తారు. పాత్రలకు సొంత ఇష్టం అంటూ ఉండొద్దా? మా స్నేహితుల్లో సగం మంది ఇదే బాగుందంటారు.
— పీజీ విద్యార్థిని, హైదరాబాద్

ఈ తగవు డ్రాగన్ ఏజ్ 2 నుంచీ ఉంది. అందులో ఆండర్స్, ఫెన్రిస్, ఇజబెలా, మెరిల్ నలుగురూ ఆడేవాళ్లు ఎవరైనా సరేనంటారు. తర్వాత 2014లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్ వెనక్కి తిరిగింది. డోరియన్‌కు మగవాళ్లే ఇష్టం, సెరాకు ఆడవాళ్లే, కసాండ్రాకు మగవాళ్లే. సోలస్ ఎల్ఫ్ ఆడపిల్లను తప్ప మరొకరిని దగ్గరికి రానివ్వడు.

నా ఓటు రెండో పద్ధతికి. డోరియన్ కథ చూడండి. అతని స్వభావాన్ని రక్తమంత్రంతో మార్చేయాలని కన్నతండ్రే చూశాడు. అందరినీ ప్రేమించగల డోరియన్ అయితే ఆ కథే నిలబడదు. సోలస్ విషయంలోనూ అంతే, ఎల్ఫుల పాత వైభవం అతనికి గాయం, కాబట్టి ఎల్ఫ్ పిల్ల ముఖంలో అతను చూసేది వేరు.

కానీ మీ స్నేహితులు చెప్పేదాంట్లో న్యాయముంది. బాల్డర్స్ గేట్ 2లో మగ పాత్రకు ముగ్గురు ప్రేయసులుంటే ఆడ పాత్రకు దొరికింది అనోమెన్ ఒక్కడు. చెల్లెల్ని చంపారని పగ తీర్చుకోబోయే అతన్ని ఆపితే మర్యాదస్తుడైన నైట్ అవుతాడు, ఎగదోస్తే మొరటువాడవుతాడు. ఆ భాగం బాగుంటుంది. మిగతా సమయమంతా గొప్పలు చెప్పుకుంటూనే ఉంటాడు. ఆడవాళ్లుగా ఆడినవాళ్లకు వేరే గతి లేదు. సొంత ఇష్టం పేరుతో ఎంతమందికి తలుపు మూసేస్తున్నారో చూసుకోకపోతే అది కళ కాదు, పిసినారితనం.

పర్సోనా 5లో నలుగురు అమ్మాయిలతో ఒకేసారి నడిపిస్తున్నాను. ఏమైనా అవుతుందా?
— పేరు రాయలేదు, నెల్లూరు

పేరు ఎందుకు రాయలేదో అర్థమైంది. వాలెంటైన్స్ డే దాకా ఏమీ కాదు. ఆ తర్వాత కాఫీ షాపులో అందరూ ఒకేచోట కలుస్తారు. మీకు తగినదే జరుగుతుంది. ఆ ఒక్క దృశ్యం తప్ప గేమ్ మిమ్మల్ని పెద్దగా నిలదీయదు. నాకు నచ్చనిదీ అదే. మాస్ ఎఫెక్ట్ 2లో హీరో షెపర్డ్ బల్ల మీద పాత ప్రేమికుల ఫోటో ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లతో మొదలుపెడితే అది బోర్లా పడుకుంటుంది. ఒక్క మాటైనా రాయకుండా అంతకన్నా బాగా కొట్టారు.

నేను నైట్ షిఫ్టులు చేస్తాను. ఇంటికొచ్చాక బాల్డర్స్ గేట్ 3లో ఆస్టారియన్‌తో మాట్లాడితే గానీ నిద్ర పట్టదు. కథ అయిపోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతున్నాను. నిజం మనుషుల కన్నా ఇతనే నన్ను అర్థం చేసుకుంటున్నాడనిపిస్తోంది. నాకేమైనా అయిందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

మీకేమీ కాలేదు. కానీ ఉత్తరంలో ఒక మాట సరిదిద్దాలి. ఆస్టారియన్ మిమ్మల్ని అర్థం చేసుకోలేదు, మీరు అతన్ని అర్థం చేసుకున్నారు. ఆ పాత్రను కట్టిన తీరే అది.

రెండు వందల ఏళ్లు కాజడార్ అనే రక్తపిశాచికి బానిస. అందం చూపించి మనుషుల్ని వలలో వేసి యజమాని దగ్గరికి తీసుకెళ్లడమే అతని పని. కాబట్టి మొదటి అంకంలో మీతో ఆడే సరసమంతా పాత అలవాటు. రెండో అంకంలో ఒప్పుకుంటాడు. మిమ్మల్ని మచ్చిక చేసుకుంటే ఆపదలో అడ్డంపడతారని లెక్క వేశానంటాడు. ఈలోగా మూన్‌రైజ్ టవర్స్‌లో అరాజ్ అనే రక్త వ్యాపారి తగులుతుంది. తనను కొరకమని అడుగుతుంది, బదులుగా బలం పెంచే అరుదైన మందు ఇస్తానంటుంది. అతనికి ఇష్టం లేదు. ఆడేవాళ్లకేమో ఆ మందు కావాలి. కొరకమని మీరు ఒత్తిడి చేయొచ్చు, గేమ్ ఆపదు. మందు దొరుకుతుంది, అతను మాత్రం మీలో ఇంకో యజమానిని చూస్తాడు. వద్దులే, నీ ఇష్టం అంటే ఆ తర్వాత అతను చెప్పేది వినాలి. కాదనే హక్కు తనకుందని రెండు వందల ఏళ్లలో అతనికి ఎవరూ గుర్తుచేయలేదు.

చివర్లో కాజడార్ స్థానం తనకే కావాలంటాడు. సాయం చేస్తే మహా బలవంతుడవుతాడు, మిమ్మల్ని ప్రేమిస్తూనే ఉంటాడు, కానీ ఆ ప్రేమలో మీరు అతని సొత్తు. ఆపితే యజమానిని చంపి కూలబడి ఏడుస్తాడు. ఈ రెండు ఆస్టారియన్లకూ గొంతిచ్చిన నీల్ న్యూబన్‌కు 2023 గేమ్ అవార్డుల్లో ఉత్తమ నటన పురస్కారం ఊరికే రాలేదు.

అంటే మీరు ఇన్నాళ్లూ చేస్తున్నది ఒక దెబ్బతిన్న మనిషిని ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండటం. మీకు అది చేతనవును. కష్టం ఎక్కడంటే, ఆ గేమ్‌లో మీరు చెప్పగల మాటలన్నీ వేరొకరు ముందే రాసిపెట్టారు. షిఫ్టులో మేనేజరు ఏమన్నాడో, ఇవాళ ఎందుకు తల నొప్పిగా ఉందో చెప్పే ఆప్షన్ ఆ జాబితాలో లేదు. అతను అడగడు. అడిగే మనిషి ఒకరైనా మీకున్నారా అన్నది నా అనుమానం. ఉంటే ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. లేకపోతే ఈ ఉత్తరం నాకు రాసినట్టే, మీకు నమ్మకమున్న ఒకరికి ఇంకొకటి రాయండి. నిద్ర సంగతి మాత్రం డాక్టరుకు చెప్పండి, అది వేరే లెక్క.

ఐదుగురు సహచరులతో తెలుగులో ఒక చిన్న పార్టీ గేమ్ తయారుచేస్తున్నాను. ప్రేమకథ పెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— డిప్లొమా విద్యార్థి, కరీంనగర్

తమ్ముడూ, ముందు కాగితం మీద లెక్క వెయ్యి. ఐదుగురు సహచరులంటే వాళ్లలో వాళ్లకు పది జతలు. దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే ముక్కలు జతకు నాలుగు రాసినా నలభై. ఆరో మనిషిని చేర్చావంటే జతలు పదిహేను. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే మునుగుతారు. ప్రేమకథ ఒకటో రెండో చాలు, మిగతావాళ్లు స్నేహితులుగా, చాడీలు చెప్పేవాళ్లుగా పనికొస్తారు. నిజానికి వాళ్లే ముఖ్యం. ఇద్దరే ఉండే కథలో ప్రేమ ఆ ఇద్దరికే తెలుస్తుంది, పార్టీలో అందరికీ తెలుస్తుంది. మాస్ ఎఫెక్ట్ 2లో సహచరులు మిరాండా, జాక్ కొట్టుకునేటప్పుడు మధ్యలో నిలబడ్డ షెపర్డ్ ఎవరి ప్రియుడన్నది ఆడేవాడి మనసులో మెదలక మానదు.

పాత్ర రాసేటప్పుడు ఆమెకేం కావాలో హీరోతో సంబంధం లేకుండా రాసుకో. బాల్డర్స్ గేట్ 3లో కార్లాక్ గుండె స్థానంలో నరకపు ఇంజిన్ మండుతుంటుంది, ముట్టుకుంటే కాలుతుంది. ఆమెను తాకాలంటే డామన్ అనే కమ్మరి చేత రెండుసార్లు మరమ్మతు చేయించాలి. ఆడేవాళ్ల నిర్లక్ష్యం వల్ల డామన్ ముందే చచ్చిపోతే, ఎంత ప్రేమున్నా అంతే సంగతులు. అలాంటి అడ్డంకి ఒకటి పెట్టు, అది మాటలతో తీరకూడదు. ఏ ఒక్క చోటైనా ఆమె కాదనే వీలు ఉంచు, ఏం చేస్తే కాదంటుందో ముందే తేల్చుకో.

ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు లేనిది నీకొకటుంది. మీరు అని పిలిచే సహచరి నువ్వు అనడం ఎప్పుడు మొదలుపెడుతుంది? దాన్ని ఒక వేరియబుల్‌గా పెట్టుకో. మీటరూ వద్దు, మూలన మెరిసే మాటా వద్దు. కోపం వచ్చిన రోజు మళ్లీ మీరులోకి వెళ్లిపోతే ఆడేవాడికి చెప్పకుండానే తెలుస్తుంది. సాంకేతికంగా గోడో 4 అనే గేమ్ ఇంజిన్ తీసుకుంటే ఒత్తులు, గుణింతాలు చెదరకుండా వస్తాయి. రెండు దృశ్యాలు పూర్తయ్యాక పంపు, ఆడి చూస్తాను.

నా దగ్గర పాత ల్యాప్‌టాప్, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయి. ఈ గేమ్‌లు నాకు అందవా?
— టీచరు, శ్రీకాకుళం

బాల్డర్స్ గేట్ 3 అందదు. మిగతావి చాలావరకు అందుతాయి. బాల్డర్స్ గేట్ 2 ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ ఫోన్‌లోనే నడుస్తుంది, అందులో డోర్న్, రసాద్, నీరా, హెక్సాట్ అని కొత్త ప్రేమకథలూ చేర్చారు. అక్షరాలు చిన్నవి, కళ్లద్దాలు దగ్గర పెట్టుకోండి. 2003 నాటి నైట్స్ ఆఫ్ ద ఓల్డ్ రిపబ్లిక్ కూడా ఫోన్‌కు ఉంది. ల్యాప్‌టాప్ మరీ పాతది కాకపోతే డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ వేసి చూడండి, డిస్కౌంట్ రోజుల్లో చవకగా దొరుకుతుంది. ఒక్క సలహా: మోరిగన్‌ను, అలిస్టర్‌ను ఇద్దరినీ ఎప్పుడూ వెంట తిప్పండి. నడుస్తూ తగవులాడుకుంటారు, వినడానికి మధ్యమధ్య ఆగాల్సి వస్తుంది.